పుంజం లెక్క

మొదటి ఇంటర్నల్‌ల ఇరవైకి నాలుగు.
పేపరు మడిచి, మడిచి,
అగ్గిపెట్టెంత చేసి పిడికిట్ల పట్టిన.
హన్మకొండ చౌరస్తా కాడ ఆటో ఎక్కితే
పోచమ్మ మైదాన్ దాకా
ఆ అగ్గిపెట్టె కాల్తనే ఉన్నది.

ఇంటర్ దాకా తెలుగుల చదివిన దాన్ని.
ఆమ్లం తెలుసు, క్షారం తెలుసు,
లవణం మా ఇంటి ఉప్పుడబ్బ లెక్క తెలుసు.
ఈడ అవే మనుషులు కొత్త బట్టలేసుకొచ్చి
నన్ను ఎరుగనట్టే బోర్డు మీద నిలవడ్డరు.

మోల్ అన్నడు సమ్మిరెడ్డి సారు.
ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలు.
రాసుకున్న, ఒక్కటి తక్కువ గాకుంట.
నాకు అర్థమైంది మాత్రం
అండ్ల ఒక్క సున్నంత.

కొత్తవాడల మా ఇంట్ల
రాత్రి మగ్గం సప్పుడు ఆగినంక అడిగిన:
ఈ జంపఖానకు ఎన్ని పోగులే నాయినా?
నవ్విండు.
"పోగులెవడు లెక్కవెడతడే పిచ్చిదాన,
పుంజాలు లెక్కవెడతం."

గంతే.
ఇరవైమూడు సున్నాలు ఒక్కపారి ముడివడి
మగ్గం మీదికెక్కినయ్.
కంటికి ఆనని పోగులకు కట్టిన పుంజం, మోలు.
ఒక్కొక్కదాన్ని ఎవడు లెక్కవెట్టమన్నడు!
తూకమేసి, పుంజమని పిలిస్తె చాలు.

ఆ రాత్రి నుంచి చూసుడు బంద్ వెట్టి చేసుడు వట్టిన.
గీతలు గీసి చదివిన పేజీలు
తెల్లారేసరికి మొఖం చాటేసేటియి.
చేత్తోని విప్పిన లెక్క
వేలికి ముడి యాదున్నట్టు యాదుంటది.
రోజుకు ఆరు. కరెంటు పోతే నాలుగు.
తప్పువోయిన లెక్కను కొట్టెయ్యలే,
పక్కన తెలుగులనే రాసిపెట్టుకున్న:
ఈడ మిల్లీలీటరును లీటరనుకున్నవ్.
ఈడ తూకం సరిచూడకముందే ఉరికినవ్.
ఈడ నిద్ర.

ఆయితారం రాజలింగం పెదనాయిన రంగుల షెడ్డు కాడికి పోయిన.
మోచేతుల దాకా నీలం మనిషి.
కాస్టిక్ ఎంతో, హైడ్రోస్ ఎంతో
ఆయిన ముక్కుకే ఎరుక.
గంగాళంల నుంచి తీస్తె చిలప పసుపుపచ్చ.
గాలి తాకంగనే
ఎవరో చెవుల చాడీ చెప్పినట్టు
ఆకుపచ్చగై, మబ్బై, నీలమై.
"నేను ముంచుత గంతే బిడ్డా.
రంగు అద్దేది గాలే."

ఆక్సీకరణం అనే మాటను
పన్నెండు పేజీలల్ల ఎతికిన దాన్ని,
ఈడ దండెం మీద ఆరేసి ఉన్నది.
పేరు చెప్పిన.
"పేరు వెడితే రంగు గట్టివడ్తదా?" అన్నడు,
చిలప పిండుకుంట.

ల్యాబుల నల్లరాయి బల్లలు.
సగం నల్లాలకు నీళ్ళు రావు.
నా ఫ్లాస్కుల రంగు మొదటిసారి
బీట్‌రూటు ఉడికినట్టు చిక్కగైంది.
బ్యూరెట్లు కడిగి కడిగి ముసలైన అటెండరు ఓదెలన్న
దగ్గరికి రాకుంటనే అన్నడు:
"రంగు నిలిచినంక ఆపుదామంటె ఆలస్యమైతది బిడ్డా.
వచ్చి పోతుంటది సూడు,
పోనీకి తడువు చేస్తుంటది,
గప్పుడే చెయ్యి బిగియ్యాలె."

రెండోసారి
ఊపిరి సుత బొట్టుబొట్టుగ ఇడిచిన.
వచ్చింది. పోయింది.
వచ్చింది. ఆగి, పోయింది.
వచ్చింది.
పోలే.
పసిపిల్ల గోరు కింది రంగు.
తొమ్మిది పాయింట్ ఎనిమిది.
మూడోసారి సుత
తొమ్మిది పాయింట్ ఎనిమిది.
కిటికీల నుంచి కాజీపేట పోయే రైలు కూత వినవడ్డది,
నాకోసమే కూసిందనుకున్న, ఎవరికి చెప్పలే.

సెమిస్టర్ల ఎనభై ఒకటి.
క్లాసుల మొదటిదాన్ని గాదు,
ధర్మసాగర్ పిల్ల హుమేరా మొదలు.
నాయిన మెమో తీసుకొని, దీపం కిందికి జరిగి,
తెగిన పోగు మీద వేలు పెట్టినట్టు
ఆ అంకె మీద వేలు పెట్టిండు.
"తక్కిన పందొమ్మిది ఏడ వోయినయే?"

కోపం రాలే.
నోటుబుక్కు తెచ్చి పక్కన కూసున్న.
అవి సుత నా దగ్గర
రాసిపెట్టే ఉన్నయ్.