బిళ్లలు

మా మనిసాలెస్‌లో బ్రేకుకి వేసేదీ
జ్వరానికి వేసుకునేదీ ఒకటే మాట, బిళ్ల.
రాత్రంతా వార్డులో ఒక రకం పంచి
పొద్దున్నే రెండో రకం కోసం
ఎలియేసెర్ కొట్టు మెట్లెక్కాను.
అరిగినవి రెండూ మందుల కవరులో, జేబులో.

వారంగా ముందు చక్రం మూలుగుతోంది.
కేబుల్ కారు స్టేషను దాటిన దిగుడులో
ఇనుము ఇనుముని కొరుకుతోంది.
ఈ ఊళ్లో చదునైన చోటు కావాలంటే
బల్ల మీద చెయ్యి పెట్టుకోవాల్సిందే.

అతను మూడు పొట్లాలు పరిచాడు.
పద్దెనిమిది వేల పెసోలదానికి పేరూ లేదు, ఊరూ లేదు.
"ఇది కొంటే నెలకోసారి నన్ను చూడ్డానికొస్తావు, నోఎమీ."
లోహం కలిసింది అరవై వేలు.
"ఇది డిస్కుని తినేస్తుంది. మేకపిల్లకి మోకెందుకు?"
మధ్యది ముప్పై రెండు.
గోటితో గీకి చూశాను. ఏదో తెలుస్తుందని కాదు,
గీకకుండా కొంటే మోసపోయినట్టుంటుంది.
పాతదాని మీద కొత్తది పెట్టి
చెవులు కలిశాయో లేదో చూశాడు.
బండి పేరు అదే అయినా ఏడాది మారితే వంపు మారుతుందట.

అప్పుడు పాతవి రెండూ పక్కపక్కన పెట్టి ఆగిపోయాడు.
ఒకటి కాగితం మందం, కింద రేకు తేలింది.
రెండోది కొన్ననాటి మందమే,
నడిమి గాడి కూడా చెరగలేదు.
"సోమరిపోతు" అన్నాను.
ఈ మధ్య ఆ మాట నోటికి తొందరగా వస్తోంది.
అతను నవ్వలేదు.
"పిన్ను పట్టేసింది. పాపం, ఇదీ కదులుదామనే చూసింది."

ఇంటికొచ్చి పెరట్లో అట్ట పరుచుకుని కూర్చున్నాను.
బోల్టులు రెండు. ఒకటి మాట వింది,
ఇంకోదాని పానా మీద మడమ పెట్టి తొక్కాల్సొచ్చింది.
పిన్ను ఊడబెరికితే బూడిదరంగు బురద.
కొండ అప్పుడప్పుడూ రాత్రిళ్లు ఊదే బూడిదే,
వానలో తడిసి, ఎండి, సున్నంలా బిగిసింది.
పాత చొక్కా ముక్క, పళ్లబ్రష్షు,
తర్వాత వేలి కొస మీద రవ్వంత గ్రీజు.
బిళ్ల ముఖానికి తగిలిందా, ముప్పై రెండు వేలూ నేలపాలే.
పాత బిళ్లనే అడ్డం పెట్టి పిస్టన్ని లోపలికి నెట్టాను.
పైన బ్రేక్ ఆయిల్ మూత చుట్టూ చెమర్చింది,
పెయింటు తినేలోపే తుడిచేశాను.

అంతా బిగించి, చేతులు కడుక్కుని, బండెక్కి
గేటు దగ్గర లివర్ పట్టుకున్నాను.
ఏమీ లేదు.
పిడి దాకా వచ్చేసింది ఖాళీగా,
లేని మెట్టు మీద కాలేసినట్టు.
గేటు దాటితే వాలే.
వెనక బ్రేకు తొక్కి, గోడకి మోకాలు ఆన్చి ఆపాను.
గుండె కాసేపు నా మాట వినలేదు.
అప్పుడు గుర్తొచ్చింది, వెనక్కి నెట్టింది నేనేగా,
మళ్లీ నేనే పిలవాలి.
ఒకటి, రెండు, ఆరు సార్లు నొక్కితే
ఏడోసారి అవతలి నుంచి ఎవరో
నా చెయ్యి పట్టుకున్నట్టు బిగిసింది.

బండి ఇద్దరిదీ. రాత్రి నాది, పగలు తమ్ముడు దుబెర్నెయ్‌ది.
మూడు నెలలుగా వాయిదాలన్నీ నేనే కడుతున్నాను.
వాణ్ని ఏమన్నానో ఇక్కడ రాయను.
తాళం కోసం వచ్చాడు, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ.
ఎప్పటినుంచి ఈడుస్తున్నాడో.
"వంద కిలోమీటర్లు మెల్లిగా పట్టు.
కొత్తవి, ఇంకా కుదురుకోలేదు" అన్నాను.
ఆ కాలికేమైందని కూడా అడిగాను.
చెప్పాడు. నిలబడే, చాలాసేపు చెప్పాడు.

వాడు వెళ్లాక కిటికీ తెరిచి
మొదటి మలుపు దాకా విన్నాను, మూలుగు లేదు.
రెండో మలుపు దాకా విన్నాను.
తర్వాత పొగమంచు.