బలగలో తేనెపెట్టె

కుట్టడమంటే నాకు తెలుసనుకున్నాను
ముప్పయ్యేళ్లుగా.

డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడన చెక్కపెట్టె.
చీమలెక్కకుండా కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు.
ముసుగు నేనే కుట్టుకున్నాను, చిరిగిన దోమతెరతో.
నా కొలతకి నేను కుట్టుకున్నది అదొక్కటే.

రోజూ మూత తీసేదాన్ని.
రాణి ఉందా, గుడ్లు పెట్టిందా, అలిగిందా.
సీతంపేట నుంచి పెట్టె మోసుకొచ్చిన సవర సోంబయ్య
నవ్వాడు:
"ఉడికే కుండ మూత ఇన్నిమార్లు తీస్తే
అన్నమెప్పుడు అవుతాదమ్మా? ఒగ్గీ."

ఒగ్గలేదు.

మాఘంలో, మునగపూత రాలే వేళ
లేచిపోయాయి.
వెళ్లి వెళ్లి పక్కింటి గున్నమ్మగారి
సగం కట్టిన మేడ ఇనపచువ్వకు
ఉద్దానం పనసకాయలా వేలాడాయి.
మురుక్కాలవ తగువై మాకు మాటల్లేక రెండేళ్లు.

గోడ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను.
"మా ఈగలొచ్చాయండి, మీ ఇంటికి."

ఆవిడ పైకి చూసింది. కొంగు నడుముకు దోపింది.
చీకటి పడ్డాక, నేను గుంపును బుట్టలోకి దులిపేదాకా
టార్చి పట్టుకుంది.
చెయ్యి వణికింది గానీ వెలుగు కదల్లేదు.
ఒకటి బుగ్గ మీద కుట్టింది.
వాచిన బుగ్గతోనే అడిగింది:
"ఇంతకీ రాణి ఏదే?"

నాకేం తెలుసు.
పెట్టెకు చెరోపక్క చెవి ఆనించి కూర్చున్నాం.
లోపలెవరో పండగ ముందు రాత్రి
మిషను తొక్కుతున్నట్టు.

మూత మీదికి చెయ్యి పోయింది.
గున్నమ్మ పట్టుకుని ఆపింది.