మడతపని

రూపాయికి నాలుగొందల కాయితాలు మడిసీదాన్ని.
శికాకోళం పాత బస్టాండెనక
ఇప్పిలి జగ్గారావు గారి ప్రెస్సు,
బోర్డు మీద మాత్రం శుభలేకలు.

పగలు ఆడోల్ల బొమ్మల పుస్తకం.
బెజవాడ నుంచి బ్లాకులొచ్చీవి.
ఒక్కో పిల్లకీ జబ్బల మీద సుక్కలు సుక్కలు,
కంటికి దగ్గిరెట్టుకుంటే మడిసే కాదు, ఒట్టి సుక్కలే.
సూడకే గుంటా అనీవోడు కంపోజిటరు తవిటయ్య.
సూడకండా ఎలాగ మడతెడతాను మావా?
నడుం కాడ ఒకటి, పీక కాడ ఒకటి.

రాత్రి ఇంకో పుస్తకం.
దానికి బొమ్మల్లేవు, నెలకో పేరు.
ఎవులు రాసీవోరో మాకు తెలీదు.
ఒకాయన మాత్రం ప్రూపులు దిద్దడానికొచ్చి
బుడ్డి ముందర కళ్ళజోడు తీసి
పంచె కొసతో తుడిసీవోడు, తుడిసీవోడు.

అచ్చరాలు సాలీవి కావు.
పగటి పేజీలో విరహం ఇప్పదీసి
ఆ 'వి'తోనే విప్లవం కట్టీవోడు తవిటయ్య.
కడిగీవోడా అంటావా,
కిర్సనాయిలికి డబ్బులిచ్చీవోడా జగ్గారావు?

పగటిది బస్సు టాపెక్కి పాలకొండ, బొబ్బిలి, పర్లాకిమిడి.
రాత్రిది జీడిపిక్కల బస్తాలో పలాస.
రెండిటికీ ఎదురుసూసీవోరు మొగోల్లే,
రెండూ సొక్కా లోపలే ఎట్టుకునీవోరు.

పోలీసులొచ్చిన్రోజు
రాత్రి కట్ట పొయ్యిలో బూడిద కింద.
ఎస్సై బాబు బల్లమీది కట్ట జీపులో ఏయించుకున్నాడు.
ఇంకేటీ దొరకలేదని రాసుకున్నాడు.
ఆ యేడే మాకు దసరాకి కోకలెట్టినారు.

తరవాత ఊర్లోకి వీడియో పార్లర్లు.
అమ్ముడవని వాటికి అట్ట సింపి పంపీవోరు, లెక్కకి.
మొకాలే ఎనక్కొచ్చీవి.
రాత్రిది ఎనక్కి రాలేదు, రాసినోల్లూ రాలేదు.
సొరుగులో కళ్ళజోడు డబ్బా
తీసినోల్లు లేరు, పారీసినోల్లు లేరు.

జగ్గారావు పోయినాక
అచ్చరాల్ని కిలోల్లెక్కన కాటా ఏసినారు.
కళింగపట్నం వోల్లు కొని, కరగబోసి
వలలకి గుల్లు సేసుకున్నారు.
తవిటయ్య ఆ రోజు అన్నం తిన్నాడు,
ఎప్పట్లాగే తిన్నాడు.

నాకు సదువు రాదు.
ఒక్క 'వి' గురుతు,
అదీ తిరగేసి, అద్దంలో ఉన్నట్టు.

మొన్న రేవు కాడ ఒక గుండు ఏళ్ళమజ్జిన తిప్పి సూసినాను.
నున్నగున్నాది.
ఏటప్పా ఎతుకుతన్నావు అన్నాడు వల ఆరేసినోడు.
కవల్లెంత అన్నాను.