పన్నెండు తర్వాత

కాశీనగర్ రేవులో మా కొలత స్తంభం మీద
ఆఖరి అంకె పన్నెండు.
రాసినవాడు హాడిబంధు.
ఒకవైపు ఒడియాలో, ఒకవైపు తెలుగులో.
"చీకట్లో ఎవరొచ్చి చూస్తారో తెలీదు కదా" అన్నాడు.
రిటైరైన రోజు నా చేతిలో పెట్టినవి
ఒక టార్చి, ఒక రిజిస్టరు,
రిజిస్టరు వెనక అట్ట మీద
పెన్సిల్‌తో రెండు ఫోను నంబర్లు.

ఒకటి కొండమీద ఇసాక్ సబరది.
వాన దంచితే అతను గెడ్డ ఒడ్డున కూచుని వింటాడు,
నీటి చప్పుడు కాదు, అడుగున రాళ్ల చప్పుడు.
"బాబూ, పళ్లు కొరుకుతోంది" అంటాడు.
అంతే. పెట్టేస్తాడు.

రెండోది దిగువన, ఆంధ్రా వైపు, కూర్మారావుది.
వంశధార అతని గుమ్మం చేరడానికి ఒక రాత్రి చాలు.
మా కాగితమైతే
భువనేశ్వర్ వెళ్లి, ఢిల్లీ వెళ్లి,
సంతకాలు పెట్టించుకుని, అమరావతిలో దిగి,
శ్రీకాకుళం బస్సెక్కేసరికి
అతని పాకలో దూడ గొంతుదాకా మునిగి ఉంటుంది.
అందుకే ముందు ఫోను. కాగితం తర్వాత.

"ఎంతుందేటి?"
"తొమ్మిది. ఎక్కుతోంది."
"సర్లే, మావోల్లందర్నీ లేపీస్తాను."
పదకొండేళ్లుగా మా స్నేహమంతా ఈ మూడు ముక్కలే.
వేసవిలో మాట్లాడుకోం.
వేసవిలో మా రెండు ప్రభుత్వాలూ
ఇవే నీళ్ల కోసం వకీళ్లని పెట్టుకుంటాయి.

కింద నుంచి పైకీ కబురొస్తుంది.
కళింగపట్నంలో ఎండుచేపలమ్మే తవిటమ్మ,
కూర్మారావు వదిన,
"సముద్రం కంపు మారింది, కొండోల్లకి చెప్పండి" అంటే
అది నా చెవి మీదుగా ఇసాక్‌ని చేరుతుంది.

పోయిన శ్రావణంలో
టార్చి వేస్తే స్తంభమే లేదు.
"ఎంత?" అన్నాడు కూర్మారావు.
"అంకెలు అయిపోయాయి" అన్నాను.
అవతల కాసేపు ఊపిరి.
"అయితే పిల్లల్ని ముందు ఎత్తీస్తాను."

కార్తీకంలో, పాత్రో టీకొట్టు టీవీలో
ఎక్కడో నూటతొంభై జెండాలు.
ఎవరి పొగ ఎంత, ఎవరి బాకీ ఎంత.
ఒక్క మాట దగ్గర,
"చేయాలి" అని రాయాలా "చేయవచ్చు" అని రాయాలా అని
తెల్లారేదాకా కూచున్నారట.
పాత్రో నవ్వాడు. నేను నవ్వలేదు.
లేపాలి, లేపవచ్చు:
ఈ రెండింటి మధ్య ఎంత నీరు పడుతుందో నాకు తెలుసు.
వాళ్లలో ఒక్కరైనా దిగువవాడి నంబరు
అట్ట వెనక రాసుకున్నారేమోనని చూశాను.
జెండాలే కనబడ్డాయి.

నా మోటారుసైకిలు పొగ కూడా అందులో ఉంది, కాదనను.
ఇసాక్‌కి సైకిలు కూడా లేదు.
అందరికన్నా ముందు జారిపోయింది అతని పోడు చెక్కే.
ఆ లెక్క రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

పై అంకెలు వేయించమని మూడు ఉత్తరాలు రాశాను.
రంగు ఏ పద్దు కింద అనే దగ్గర ఆగిపోయాయి.
ఈ ఆదివారం కూర్మారావు
సగం డబ్బాకి డబ్బులు ఫోన్లో పంపాడు.
మిగతా సగం నాది.
ఇసాక్ వెదురు నిచ్చెన మోసుకొచ్చాడు.
మొదటిసారి చూశాను అతన్ని. నాకన్నా పొట్టి.
ఎడమ చెవి వినబడదట.
రాళ్లని విన్నదంతా కుడిచెవే.

రేవు మెట్లకి పైన బడిగోడ.
దానిమీద పదమూడు రాయబోతే ఇసాక్ అన్నాడు,
"మా లెక్కలో పదమూడు లేదు బాబూ.
పన్నెండు-ఒకటి. తర్వాత పన్నెండు-రెండు."
అలాగే రాశాను, మూడోవైపు.

ఫోను మోగింది. వానాకాలం కాదు, ఆయినా మోగింది.
"ఎందాకా రాత్తావేటి?"

ఎర్రరంగు మోచేతి దాకా కారుతోంది.
గోడ ఇంకా ఉంది.
నిచ్చెన అయిపోయింది.