జారుడు

పిపెట్లు కడిగీ కడిగీ ఇరవై ఆరేండ్లు.
చలికాలం పొద్దుగాల స్టాప్‌కాక్ బిగుసుకుంటే
అరచేతుల నడుమ పెట్టి వెచ్చజేసుడు,
పగిలిన గాజు ఏరుడు, రిజిస్టర్ల రాసుడు.
ఓదెలు అటెండర్ పనంటే ఇంతే.
సూత్రాలు నాకు రావు.
రంగులు వస్తయి.

మా ల్యాబంటే మూడు బల్లలు, రెండు నల్లాలు.
అండ్ల ఒకటి ఎప్పుడూ కారుతది.
ఫినాఫ్తలీన్ ఉన్ననాడు డిస్టిల్డ్ నీళ్లుండయి,
నీళ్లున్ననాడు పిల్లలుండరు.

ప్రాక్టికల్స్ ఇంక పదకొండు రోజులున్నయనంగ
కొత్తవాడ నుంచొచ్చే ఆడెపు వెన్నెల
థమ్సప్ సీసల ఏందో పట్టుకొచ్చింది.
మూత తియ్యంగనే ముక్కులు మండినయ్.
పసుపు కాదు, పచ్చ కాదు,
పాచి పట్టిన గోడ రంగు.
"మా నాయిన రంగుతొట్టిది, మేడం.
సోడా ఎంతున్నదో తెలుస్తదా?"

రఫత్ మేడం సిలబస్ దిక్కు చూడలే.
సీస దిక్కు చూసింది.
బీకర్ల వంపుతాంటే
గాలి తగిలినకాడల్లా నీలం తిరుగుతాంది.
జంపఖానా నూలుకు రంగు గట్లనే ఎక్కుతదట,
ముంచినప్పుడు కాదు, పైకి తీసినంక.

పది మిల్లీలు తీసి పావు లీటరు చేసిన్రు.
అయినా నీలమే.
గులాబీ పోయిందో, ఇంకా ఉన్నదో
నీలంల ఎవ్వరికి కనవడతది?
ఫ్లాస్కు కింద తెల్ల కాయితం పెట్టిన.
సాలక నా అంగీ అంచు పెట్టిన.
పదిహేడు పాయింట్ తొమ్మిది.
పద్దెనిమిది పాయింట్ ఆరు.
మూడోసారి ఆగాల్నో వద్దో తెలువక
పొల్ల చెయ్యి వణికి ఇరవై దాటింది.

"రీడింగులు కలుస్తలేవు, మేడం."
"కలవయి. దీంట్ల హైడ్రో ఉంది, రంగుంది,
ఇంకా ఏమేమున్నయో.
పుస్తకంల సోడా ఒక్కతే ఉంటది.
తొట్టిల ఒక్కతే ఉండదు.
మరి మీ నాయినెట్ల చూస్తడు?"

బొటనేలు, చూపుడువేలు కలిపి
రుద్ది చూపించింది వెన్నెల.
"జారుడు చూస్తడు, మేడం.
సబ్బు లెక్క జారితే సరిపోయినట్టు.
చాప లెక్క జారితే ఎక్కువైనట్టు."

మేడం బోర్డు మీద రాయబోయి
చాక్‌పీస్ పక్కకు పెట్టింది.
శానాసేపటికి అన్నది:
"ఆ జారుడు సోడాది కాదు బిడ్డా.
తోల్ల కొవ్వుంటది, సోడా దాన్ని తింటది.
అండ్ల నుంచి పుట్టేది సబ్బే.
వేళ్ల నడుమ జారేది
మీ నాయిన."

నల్లా కారుతాంది. ఎవ్వరూ కట్టెయ్యలే.

శనివారం నాడు ఫీజు కట్టనీకి మార్కండయ్య వచ్చిండు.
గోర్ల సందుల నీలం, తల మీద తువ్వాల.
బల్ల మీది సీస చూసి నవ్విండు,
వేలు ముంచిండు, రుద్దిండు, రెండు గడియలంతే.
"ఇది మొన్నటిది. సచ్చింది. పారవొయ్యిర్రి."

మాటల్ల మాట, రేషన్ దుకాణం ముచ్చట చెప్పిండు.
మిషన్ మీద బొటనేలు పెడితే పడ్తలేదట.
తుడిచి పెట్టిండు, తడిపి పెట్టిండు,
మూడోసారి డీలరే పట్టుకొని ఒత్తిండు.
"మళ్ల రా" అన్నడట.
చెప్పుకుంట చెప్పుకుంట మార్కండయ్యే నవ్విండు.
మేమెవ్వరం నవ్వలే.

మేడం తన బీరువ తెరిచి
రబ్బరు తొడుగుల జత తెచ్చి ఇచ్చింది.
మర్యాదకు తీస్కొని జేబుల పెట్టుకున్నడు.
మెట్లు దిగబోయి ఆగిండు.
"తొడుక్కుంటె మరి
ఎట్ల తెలుస్తది, మేడం?"

ఆ పొద్దు బీకర్లన్నీ నేనే కడిగిన.
ఆఖరుదాంట్ల వేలు పెట్టి రుద్ది చూసిన.
జారింది.
ఎంతో చెప్పుడు నాతోని కాలే.

రికార్డుల 'సూచిక' అన్న చోట
వెన్నెల ఏందో రాసింది, కొట్టేసింది.
దాని పక్కన చిన్నగ
ఫినాఫ్తలీన్ అని రాసింది.
మార్కులకు అదే గావాలె.