ఎర్ర ఊలుదారం

గీవ్‌స్టన్ నుంచి హోబార్ట్‌కి గంట దారి.
వ్యాన్ నాది. వెనక సీటు కింద ఇంకా
నిన్నటి ఆపిల్ పెట్టెల వాసన.
ఏడుగురం. అందులో ఇద్దరికి మోకాళ్ళు సొంతవి కావు,
ఒకరికి వినపడదు,
అందరికీ ఒకే కాగితం మీద కోపం.

ఆ కాగితంలో
నాలుగు వందల ఏళ్ళ అడవి పేరు
"అందుబాటులో ఉన్న కలప నిల్వ."
తొమ్మిదో సెక్షన్, రెండో క్లాజు.
ఎంత పొదుపైన భాష!
నాచు లేదు, వాన లేదు,
తొర్రలో కాపురమున్న గుడ్లగూబ లేదు.
నిల్వ అన్న ఒక్క మాటతో
అడవిని గోదాములోకి తోసి
తాళం వేసేశారు.

ఆర్నెల్లుగా ఇదే మా పని.
శనివారం సంతలో మడతబల్ల,
గాలికి లేచిపోయే సంతకాల కాగితాలు,
వాటి మీద బరువుకి ఆపిల్ పళ్ళు.
పోతూ పోతూ ఒకాయన విసిరాడు,
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నారని.
నిజమే, అన్నాను, కిలో నాలుగు డాలర్లు.
నవ్వాడు. కిలో కొన్నాడు.
సంతకం మాత్రం పెట్టలేదు.

ఎగువసభలో లెక్క అటూ ఇటూ సమానం.
తేలనిది ఒక్కాయన, క్లైవ్ ట్రెథెవీ.
మేం రాసిన రెండొందల పదకొండు ఉత్తరాలకీ
ఆయన దగ్గర్నుంచి ఒకటే జవాబు,
కింద సంతకం కూడా అచ్చుదే.
ఇవాళ మాత్రం పది నిమిషాలిచ్చాడు.

లిన్నెట్ అంకెలు చదివింది.
హెక్టార్లు, కార్బన్, పర్యాటకుల రాబడి.
ఆయన తల ఊపాడు.
గోడగడియారం లోలకమూ
అంతే శ్రద్ధగా ఊపింది.

అప్పుడు లేచింది మెర్ల్ డోనెల్లన్.
ముప్పై ఒక్కేళ్ళు రంపం పట్టినవాడి భార్య.
కెల్విన్ పోయి రెండేళ్ళు. అతను పడగొట్టిన మానులతో
కట్టిన ఇంట్లోనే ఉంటుంది ఇప్పటికీ.
మాతో వస్తుందని ఎవరం అనుకోలేదు.
కొందరికి ఆమె రావడం ఇష్టం కూడా లేదు.
నాకూ.

సంచీలోంచి ఊలు ఉండ తీసింది,
ఎర్రది, మనవడి స్వెటర్‌కని కొన్నది.
ఒక కొస ఆయన చేతిలో పెట్టి
"గట్టిగా పట్టుకో నాయనా" అంది,
గౌరవనీయ సభ్యుణ్ణి.

గోడ వెంట నడిచింది.
బీరువా దాటింది, జెండా దాటింది,
ఆయన చేప పట్టుకుని నవ్వుతున్న ఫొటో దాటింది.
నాలుగు గోడలూ అయిపోయాయి,
దారం అయిపోలేదు.
తలుపు తీసుకుని నడవలోకి పోయింది.
మెట్ల దగ్గర్నుంచి వినిపించింది గొంతు,
"ఇంకా ఉంది. పట్టుకునే ఉన్నావా?"

పట్టుకునే ఉన్నాడు.

తిరిగొచ్చి, ఆయాసం తీర్చుకుని చెప్పింది.
"ఇది ఒక్క చెట్టు నడుం కొలత.
మా ఆయన దీన్ని కొట్టడానికని వెళ్ళి
చుట్టూ ఒకసారి తిరిగి,
దాని మొదట్లో కూర్చుని రొట్టె తిని
ఇంటికొచ్చేశాడు.
ఏమయిందంటే, రంపం మొద్దుబారింది అన్నాడు.
ఆ రాత్రి షెడ్డులోకి వెళ్ళి చూశాను.
పదునుగానే ఉంది."

ఎవరూ మాట్లాడలేదు.
వినపడని బెసీ కూడా నా మోచెయ్యి గిల్లి
ఏమంది, ఏమంది, అని అడగలేదు.
"ఆలోచిస్తాను" అన్నాడాయన.
అందరూ అనేది అదే.

తిరుగుదారిలో దుంగల లారీ ఎదురైంది.
డ్రైవరు మెర్ల్‌ని చూసి చెయ్యూపాడు.
ఆమె కూడా ఊపింది.
కెల్విన్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడట,
ఇద్దరు చిన్నపిల్లలట.
హుయోన్‌విల్ వంతెన దాకా
వ్యాన్‌లో వైపర్ల చప్పుడే.

గురువారం ఓటు పడలేదు.
బిల్లుని కమిటీకి పంపారు, సెప్టెంబరు దాకా.
గెలుపంటే గెలుపు కాదు.
నాలుగు వందల ఏళ్ళ చెట్టుకి
నాలుగు నెలల వాయిదా.

రాత్రి మెర్ల్ ఫోన్ చేసింది.
"ఆ పెద్దమనిషి నా ఊలు తిరిగివ్వలేదు.
పిల్లాడి స్వెటర్‌కి ఒక చెయ్యి తక్కువొచ్చింది."
కొంచెం ఆగి, నేను అడక్కముందే అంది,
"శనివారం బల్ల నేను తెస్తాలే.
పళ్ళు నువ్వు తే.
బరువైనవి చూసి తే,
గాలి పెద్దదంటున్నారు."