కొలువు

నా పని టేపు పట్టుకోవడం.
కటకం అంచు నుంచి నటి కంటి కొస దాకా
గుడ్డ టేపు సాగదీసి, అంకె చదివి
ఫ్రేములోంచి తప్పుకోవడం.
ఎంత సరిగ్గా చెప్పినా లమారా నా వైపు తిరక్కుండానే
"మళ్లీ కొలువు" అనేది.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె తీసినవి నాలుగు సినిమాలు.
నాలుగింటికీ దూరాలు కొలిచింది నేనే.

మొదటిరోజు త్బిలిసి స్టూడియోలో
దీపాలవాళ్లు ఆమెని టీ తెచ్చే పిల్ల అనుకున్నారు.
కాదనలేదు.
అందరికీ పోసింది.
ఎవరికెన్ని చెంచాల చక్కెరో అడిగి మరీ కలిపింది.
ఆఖరి గ్లాసు ఖాళీ అయ్యాక
"ఇక ఆ పెద్ద దీపం నాలుగడుగులు వెనక్కి" అంది.
నవ్వబోయినవాడికి పొలమారింది.

ద్రాక్ష కోతల మీద తీయమన్నారు,
లక్ష్యం దాటిన దిగుబడి మీద.
ఆమె బుట్టలు మోసే ఆడవాళ్ల మెడలు తీసింది.
మెడ వెనక కాయలు కాసిన చర్మం,
అక్కడికి నా టేపు అరమీటరు కూడా లేదు.
కమిటీ గదిలో ఒకాయన కళ్లజోడు తుడుచుకుని
"కామ్రేడ్, ద్రాక్షపళ్లేవీ?" అన్నాడు.
"వాటి బరువు చూపించాను కదా" అంది.
ఆపైన అయిదేళ్లు ఆమెకి కొలువు లేదు,
నాకు కొలతా లేదు.

ఆ అయిదేళ్లూ పక్కవాళ్ల సినిమాలకి అతుకులేసింది.
పేరు పడలేదు.
ఎడిటింగ్ బల్ల కింద కూతురు నిద్రపోయేది,
పనికిరాని ఫిల్ము ముక్కలు జడకి చుట్టుకుని.
బడిలో టీచరు ఆ జడని వెలుతురుకి పట్టి చూసిందట:
ఎవరో మంత్రిగారు చెయ్యి ఊపుతున్నాడు,
తల లేకుండా.

తర్వాత జెండా మారింది. కరెంటు పోయింది.
అయిదో సినిమాకి ఫిల్ము లేదు, డబ్బు లేదు,
రొట్టెకే తెల్లవారుజామున వరస.
ఆ చలికాలం వంటింట్లో
కిరసనాయిలు పొయ్యి చుట్టూ ఇరుగుపొరుగుని కూర్చోబెట్టి
షాటు తర్వాత షాటు నోటితోనే తీసింది.
పై అంతస్తు గురామ్
తన పాత్ర ఎప్పుడొస్తుందని మూడు రాత్రులు అడిగాడు.
నాలుగో రాత్రి చంపేసింది.
అతను నెల్లాళ్లు మాట్లాడలేదు.

నెగెటివులన్నీ మాస్కోలో ఉండిపోయాయి.
మొన్న ఒక్కటి తిరిగొచ్చింది, రెండో సినిమా.
వచ్చిందిగానీ మాట మనది కాదు.
పెళ్లికూతురికీ ముసలమ్మకీ చంటివాడికీ
ఒకే మగగొంతు, రష్యన్‌లో,
జలుబు చేసిన గొంతు.

ఎనభై మూడేళ్ల లమారా ముందు వరసలో కూర్చుంది.
మూడో నిమిషంలో మొదలుపెట్టింది.
ముసలమ్మ మాటలు ముసలమ్మలా,
చంటివాడి మాటలు కొంచెం నత్తితో,
ఆ మగగొంతు మీదుగా, మన భాషలో.
ఎవరో "ష్" అన్నారు.
ఇంకెవరో వాళ్లని "ష్" అన్నారు.
తర్వాత హాలంతా ఆమె నోటికే చెవులప్పగించింది.

రైలు కిటికీ దగ్గర ఆగిపోయింది.
తెర మీద పెళ్లికూతురి పెదాలు కదులుతున్నాయి,
రష్యన్ గొంతు ఏదో అంటోంది,
లమారా చెయ్యి గాల్లో వెతుక్కుంటోంది.
ఆ మాటేమిటో నాకూ తెలీదు.
నేనెప్పుడూ మాటలు వినలేదు, అంకెలే చూశాను.
ఆ కిటికీ, ఆ పొగ, చలికి కొంకర్లు పోయిన నా వేళ్లు.
వెనక వరసలోంచి అనేశాను:
"రెండు మీటర్ల నలభై."

ఆమె తిరగలేదు.
"మళ్లీ కొలువు" అంది.